గుర్రం కాలు వాచిందా? ఏం చూడాలి, ఏం చేయాలి, డాక్టరును ఎప్పుడు పిలవాలి

ఆషాఢం వచ్చిందంటే అనంతపురం, కడప, కర్నూలు వైపు పెళ్ళి గుర్రాలకు పని ఉండదు. మూఢం పట్టినా అంతే. బరాత్‌లు ఉండవు, గుర్రం పొద్దస్తమానం గుంజకు కట్టేసి ఉంటుంది. రెండు మూడు రోజులకే వెనక కాళ్ళు రెండూ గిట్టల పైనుంచి ఉబ్బుతాయి. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యాక వచ్చే వాపు వేరు. అన్నాళ్ళు కదలకుండా నిలబడ్డ గుర్రాన్ని ఒక్కసారిగా తారు రోడ్డు మీదికి తెచ్చి, డీజే ముందు గంటలకొద్దీ ఆడిస్తారు. తెల్లారేసరికి ముందు కాలి వెనకభాగం వేడిగా పొంగి ఉంటుంది. మొదటి రకం వాపు నడిపిస్తే దిగుతుంది. రెండో రకాన్ని నడిపిస్తే గుర్రం నెలల తరబడి మూలన పడుతుంది. పైకి చూస్తే మాత్రం రెండూ కాలు వాపులే.

అందుకే వాపు ఎంత పెద్దగా ఉందన్నది పట్టుకుని నిర్ణయానికి రావద్దు. కాళ్ళు లావెక్కినా ప్రమాదం లేకపోవచ్చు. కీలు పక్కన నిమ్మకాయంత వాపుతో గుర్రం ప్రాణం మీదికి రావచ్చు. తేల్చాల్సినవి నాలుగే: ఎన్ని కాళ్ళు వాచాయి, ముట్టుకుంటే వేడి, నొప్పి ఉన్నాయా, ఆ కాలి మీద బరువు మోపుతోందా, జ్వరం ఉందా. ఈ నాలుగూ తెలుసుకోవడానికి పావుగంట చాలు. చదువుతో పనిలేదు, ఓపిక ఉంటే సరిపోతుంది.

ముందు చేతులు కట్టుకోండి

వాపు కనపడగానే మన చేతులు ఊరుకోవు. ఒకరు పసుపు, సున్నం కలిపి పట్టు వేయమంటారు. ఇంకొకరు వేడి ఇటుకతో కాపడం పెట్టమంటారు. కిరసనాయిలు రుద్దేవాళ్ళూ ఉన్నారు. పట్టు వేశాక చర్మం కనపడదు. దాని కింద ముల్లు దిగిన చిన్న రంధ్రం ఉంటే డాక్టరు కంటికి కూడా ఆనదు. కిరసనాయిలు చర్మాన్ని కాల్చేస్తుంది. గట్టిగా మర్దనా చేస్తే తెగిన చోట ఇంకా తెగుతుంది, చీము ఉన్నచోట ఇన్ఫెక్షన్ పక్కకు పాకుతుంది.

ఇక వాతలు పెట్టడం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. అది వైద్యం కాదు. ఉన్న వాపుకు కాలిన పుండు తోడవుతుంది, అంతే. వాత పెట్టాక గుర్రం కదలదు కాబట్టి దానికి విశ్రాంతి దొరుకుతుంది. తగ్గిందంటే ఆ విశ్రాంతితో తగ్గినట్టే, పేరు మాత్రం వాతకు పోతుంది.

నొప్పి మాత్రలూ ఇప్పుడే వద్దు. మెడికల్ షాపులో మనుషులకు ఇచ్చేవి అసలే వద్దు, వాటిలో చాలావాటికి గుర్రం కడుపులో పుండ్లు పడతాయి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం మన దేశంలో 2006 నుంచే నిషేధం. ఆ మందు పడిన కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని తేలడంతో నిషేధించారు. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. ఇంకో సంగతి ఉంది. నొప్పి తగ్గించే మందు పడితే గుర్రం కుంటడం తగ్గిస్తుంది, అప్పుడు డాక్టరుకు అసలు ఎక్కడ నొప్పో దొరకదు. పగిలిన ఎముక మీదే బరువు మోపినా మోపుతుంది.

దూరం నుంచి చూడండి

గుర్రం నాలుగు కాళ్ళ మీదా నిలబడి ఉంటే నీడలోకి, చదునైన గట్టి నేల మీదికి తేండి. కాలు నేలకు ఆనించడం లేదంటే అడుగు కూడా కదిలించొద్దు. నీడే దాని దగ్గరికి వెళ్ళాలి: టార్పాలిన్ కట్టండి, నీళ్ళ బకెట్ మూతి దగ్గర పెట్టండి.

నాలుగైదు గజాల దూరంలో నిలబడి ముందు నుంచీ, వెనక నుంచీ, పక్క నుంచీ చూడండి. వెనక కాలు ఒకటి కొంచెం ముడిచి, కొనమీద ఆనించి నిలబడటం గుర్రానికి మామూలే, కాసేపటికి రెండో కాలికి మారుస్తుంది. ఒకే వెనక కాలిని ఎప్పుడూ ముడిచే ఉంచితే, లేదా ముందు కాలిని ముందుకు చాపి బరువు తప్పిస్తుంటే నొప్పి ఉన్నట్టు. ముందు కాళ్ళు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి వాలి నిలబడితే వాపు సంగతి తర్వాత, ముందు గిట్టల లోపల మంట మొదలైందని అనుకోవాలి. లామినైటిస్ అంటారు. గింజలు మితిమీరి తిన్నా వస్తుంది. పెళ్ళివాళ్ళు ముచ్చటపడి లడ్డూలు, ఓళిగలు తినిపిస్తారు చూడండి, ఆ ముచ్చట ఇక్కడికి తెస్తుంది. అది ఆ క్షణమే డాక్టరు పని.

ఇప్పుడు ముట్టుకోండి

మంచి కాలితో మొదలుపెట్టండి. అది ఎలా ఉందో చేతికి తెలిస్తేనే వాచిన కాలిలో తేడా పట్టుకోగలరు. అరచేయి కాదు, చేతి వెనకభాగం ఆనించండి, వేడి అక్కడ బాగా తెలుస్తుంది. మన ఎండల్లో నిలబడిన గుర్రానికి నాలుగు కాళ్ళూ వేడిగానే ఉంటాయి కాబట్టి అరగంట నీడలో ఉంచాకే ఈ పరీక్ష. పక్కగా నిలబడి, భుజం నుంచో తొడ నుంచో చేయి కిందికి జార్చుకుంటూ రావాలి. ఎకాఎకిన వాచినచోట చేయి వేస్తే తన్నుతుంది, తప్పు దానిది కాదు.

వాపు మీద బొటనవేలితో నొక్కి పది అంకెలు లెక్కపెట్టి తీయండి. గుంట పడి అలాగే నిలిచిందంటే చర్మం కింద నీరు చేరింది. గుంట పడకుండా చర్మం బిగుతుగా ఉండి, నొక్కగానే గుర్రం కాలు లాగేసుకుంటే లోపల ఇన్ఫెక్షనో దెబ్బో ఉంది. రాయిలా గట్టిగా తగిలితే ఎముక పొంగి ఉండవచ్చు. లేత వయసు గుర్రాలకు ముందు కాలి లోపలివైపు, మోకాలి కింద ఇలాంటి గట్టి గడ్డ వస్తుంది. మొదట్లో నొప్పి ఉంటుంది, విశ్రాంతినిస్తే నొప్పి పోయి గడ్డ మాత్రం మిగులుతుంది.

వాపు ఎక్కడుందన్నది సగం జబ్బు చెప్పేస్తుంది.

వెనక కాళ్ళు రెండూ, గిట్ట పైనుంచి మడమ (వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చిన కీలు) దాకా, చల్లగా, నొప్పి లేకుండా, గుంట పడేలా ఉంటే అది కట్టేసి ఉంచడం వల్ల దిగిన నీరు. గుర్రానికి మోకాళ్ళ కింద కండ లేదు, ఎముక, టెండన్లు (కండను ఎముకకు కలిపే గట్టి తాళ్ళు), చర్మం అంతే. కింద చేరిన నీరు పైకి ఎక్కాలంటే అడుగు పడాలి, గిట్ట నేలను నొక్కాలి. రోజంతా నిలబెడితే నీరు అక్కడే ఉండిపోతుంది. అరగంట నడిపిస్తే వాపు కళ్ళముందే తగ్గడం మొదలవుతుంది. తగ్గకపోతే మీరు అనుకున్నది తప్పు.

ఒకే కాలు, సాధారణంగా వెనకది, రాత్రికి రాత్రే పైదాకా లావెక్కి, వేడిగా, చర్మం నిగనిగలాడుతూ, ముట్టుకుంటే గుర్రం ఎగిరిపడుతుంటే అది సెల్యులైటిస్. చర్మం కింద క్రిములు పాకిపోవడం. ఎక్కడో చిన్న గీత, ముల్లు పోటు, గిట్ట వెనక గుంటలో పగుళ్ళు చాలు వాటికి. దీనికి జ్వరం కూడా ఉంటుంది. ఆలస్యం చేస్తే చర్మం చిట్లి పసుపు నీరు కారుతుంది, కాలు ఇక ఎప్పటికీ మునుపటి సన్నానికి రాకపోవచ్చు.

ముందు కాలి వెనకవైపు, మోకాలికీ గిట్ట పైనున్న గుండ్రటి కీలుకీ మధ్య, విల్లులా వంపు తిరిగి వాచితే టెండన్ దెబ్బతింది. నిలబడి ఉన్నప్పుడు అక్కడ తీగ లాగినట్టు తిన్నగా ఉండాలి. కుంటు పెద్దగా లేదని మోసపోవద్దు, రెండు మూడు రోజుల్లో కుంటు తగ్గినా లోపల తెగిన పోగులు అతకవు. ఇది మానడానికి నెలలు పడుతుంది, ఏడాది పట్టినా ఆశ్చర్యపడొద్దు.

అదే గుండ్రటి కీలు పైన, పక్కలకు, మెత్తగా నీటి బుడగల్లా రెండు కాళ్ళకూ ఉండి, చల్లగా ఉండి, కుంటు లేకపోతే అవి రోడ్డు పనిచేసిన గుర్రాలకు వచ్చే పాత పొంగులు. టెన్షన్ పడాల్సిన పనిలేదు. వాటిలో ఒకటి ఉన్నట్టుండి వేడెక్కినా, కుంటు మొదలైనా మాత్రం లెక్క మారుతుంది.

గిట్ట పైన చుట్టూ ఉంగరంలా వాచి, వెంట్రుకలు ఊడి ఉంటే మీరు వేసిన బందం చూసుకోండి. నైలాన్ తాడు ఎక్కువగా ఇలా కోస్తుంది. వెనక కాళ్ళకు తాడు తప్పదనుకుంటే వెడల్పాటి నూలు పట్టీ వాడండి.

నాలుగు కాళ్ళూ వాచి, పొట్ట కింద కూడా నీరు దిగి, గుర్రం చిక్కిపోతూ ఉంటే జబ్బు కాళ్ళలో లేదు, ఒంట్లో ఉంది. గుండె, కాలేయం, కడుపులో పురుగులు, ఏదైనా కావచ్చు. వానల తర్వాత మన వైపు ముందుగా అనుమానించాల్సింది సర్రా, రక్తంలో క్రిమి చేరే జబ్బు. జోరీగలు ఒక పశువు నుంచి ఇంకో పశువుకు అంటిస్తాయి. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, చిగుళ్ళు పాలిపోతాయి, తిన్నా ఒంటికి పట్టదు. మందు ఉంది, రక్త పరీక్ష చేయించాలి. జ్వరం ఉన్న రోజున తీసిన రక్తంలో క్రిమి దొరికే అవకాశం ఎక్కువ. గుర్రానికి రెండు మూడు వారాల కిందట గొంతు గడ్డలు లేచి చీము ముక్కు వెంట కారి తగ్గి, ఇప్పుడు నాలుగు కాళ్ళూ వాచి, చిగుళ్ళ మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే అది రక్తనాళాల జబ్బు, ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఇంకొకటి ఉంది, మనుషులకు కూడా ప్రమాదం కాబట్టి విడిగా చెబుతున్నా. కాలి లోపలివైపు వరసగా గడ్డలు లేచి, పగిలి, తేనె రంగు చీము కారుతున్నా, ముక్కు నుంచి జిగట చీమిడి కారుతున్నా చేతి తొడుగులు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. గ్లాండర్స్ అనుమానించాలి. గుర్రం నుంచి మనిషికి సోకి ప్రాణం తీయగలదు. అంటువ్యాధుల నియంత్రణకు 2009లో చేసిన చట్టం కింద దీన్ని పశుసంవర్ధక శాఖకు తెలియజేయడం తప్పనిసరి. శాంపిల్ పరీక్ష హరియాణాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతుంది. గుర్రాన్ని వేరుగా కట్టేయండి, దాని నీళ్ళ తొట్టి ఇంకోదానికి వాడకండి, ఫలితం వచ్చేదాకా ఊరు దాటించకండి. అమ్మేద్దామనే ఆలోచన అసలే వద్దు.

ముల్లు వెతకడం

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుదాం, ఎందుకంటే రాయలసీమలో ఒక కాలు వాచిందంటే ముందు వెతకాల్సింది సర్కారు తుమ్మ ముల్లు. రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద, బీళ్ళలో ఎక్కడ చూసినా అదే చెట్టు. ముల్లు పొడుగ్గా, గట్టిగా ఉంటుంది, లోపలికి దిగి చర్మం మట్టాన విరిగిపోతుంది. పైన రంధ్రం ఒక్క రోజులో మూసుకుంటుంది, వెంట్రుకల కింద ఏమీ కనపడదు.

గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు తీసుకుని వాచిన భాగాన్ని తడపండి. తడిసిన వెంట్రుకలు చర్మానికి అంటుకుపోతే, గాయం ఉన్నచోట నాలుగు వెంట్రుకలు చిన్న కుచ్చులా లేచి నిలుస్తాయి, లేదా ఎండిన రక్తం చుక్క వేలికి గరుకుగా తగులుతుంది. వేలికొనతో అంగుళం అంగుళం తడమండి. గిట్ట వెనక గుంటలో, పొడుగు వెంట్రుకల కింద తప్పకుండా చూడండి. అక్కడ చూడకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. అవసరమైతే కత్తెరతో వెంట్రుకలు తీసేయండి, మళ్ళీ వస్తాయి.

ముల్లు కొన బయటికి కనిపిస్తూ, కీలుకు దూరంగా ఉంటే ప్లక్కరుతో దిగిన దారినే తిన్నగా లాగేసి, తీసిన ముక్కను డాక్టరుకు చూపించడానికి దాచండి. కీలు దగ్గర ఉంటే తీయొద్దు. కీలు పక్కన రంధ్రం ఉండి, అందులోంచి పలచని పసుపు రంగు జిగట కారుతుంటే అది కీలులో ఉండాల్సిన జిగురు. క్రిములు లోపలికి వెళ్ళినట్టే లెక్క. గాయం ఎంత చిన్నదైనా సరే, గుర్రం ఇప్పటికి బాగా నడుస్తున్నా సరే, అదే రోజు, అదే పూట వైద్యం పడాలి. రెండో రోజుకు మందులకు లొంగడం కష్టం.

గిట్ట ఎత్తి చూడండి

గిట్ట కింద మట్టి, రాళ్ళు గీకి శుభ్రం చేయండి. మేకు, గాజు ముక్క, నల్లటి రంధ్రం ఏమైనా ఉందా చూడండి. రెండు మూడు రోజుల కిందటే లాడం కొట్టించి ఉంటే ఒక్కో మేకు చుట్టూ వేలితో నొక్కండి. గిట్టలో చీము పడితే గుర్రం ఒక్కసారిగా కాలు నేలకు ఆనించలేనంత కుంటుతుంది, వాపు గిట్ట పైకి పాకుతుంది. చూసినవాళ్ళు ఎముక విరిగిందంటారు. డాక్టరు గిట్ట కొద్దిగా చెక్కగానే నల్లటి చీము కారి, గుర్రం ఆ పూటే కాలు మోపుతుంది. ఇంత గొడవకీ కారణం ఇంతేనా అనిపిస్తుంది.

గిట్టలో మేకు దిగి ఉండి, డాక్టరు కాసేపట్లో వస్తానంటే దాన్ని అలాగే ఉంచి చుట్టూ దూది, గుడ్డ కట్టండి. ఎంత లోతుకు, ఏ దిక్కుకు దిగిందో ఆయన చూడాలి. రాలేనంటే ముందు ఫోటో తీసి, తర్వాత మేకు తీసి, దిగిన చోటికి పెన్నుతో గుర్తు పెట్టండి.

గిట్ట పైనున్న కీలు వెనక రెండు పక్కలా వేళ్ళు ఆనిస్తే నాడి తెలుస్తుంది. బాగున్న గుర్రానికి అది దొరకడమే కష్టం. వేలిని తన్నుతున్నట్టు కొడుతుంటే గిట్టలో గొడవ ఉంది.

థర్మామీటరు

మెడికల్ షాపులో మనుషులకు అమ్మే డిజిటల్ థర్మామీటరు చాలు. దాని చివర గట్టి దారం కట్టి, దారం రెండో కొనకు బట్టల క్లిప్పు తగిలించండి. కొనకు వాజెలైన్ రాసి, గుర్రం వెనక కాదు, ఎడమ తొడకు ఆనుకుని పక్కగా నిలబడి, తోక పక్కకు జరిపి మలద్వారంలోకి రెండు అంగుళాలు పంపి, కొద్దిగా పక్క గోడకు ఆనించండి. క్లిప్పు తోక వెంట్రుకలకు పెట్టండి. అది లోపలికి పోదు, కింద పడి పగలదు. బీప్ వచ్చాక తీసి అంకె, టైము రాసుకోండి.

పెద్ద గుర్రానికి 99.5 నుంచి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలు. 102 దాటితే జ్వరం. దవడ కింద నాడి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టాలి, ఊపిరి 8 నుంచి 16 మధ్య ఉండాలి. ఊరికే నిలబడి ఉన్నప్పుడు నాడి 60 దాటితే గట్టి నొప్పో, ఒళ్ళంతా పాకిన జబ్బో ఉంది. మధ్యాహ్నం మూడింటికి రేకుల షెడ్డులో చూసిన జ్వరాన్ని నమ్మకండి, నీడలో ఉంచి మళ్ళీ చూడండి.

ఎప్పుడు పిలవాలి

ఈ క్షణమే ఫోన్ చేయాల్సినవి: కాలు నేలకు ఆనించకపోవడం, కాలు వంకర తిరగడం, కీలు దగ్గర రంధ్రం, జ్వరం 103 దాటడం, గంట గంటకూ వాపు పైకెక్కడం, చర్మం చిట్లి నీరు కారడం లేదా నల్లబడటం, వెనక్కి వాలి నిలబడటం, నాలుగు కాళ్ళ వాపుతో పాటు ఆయాసం. పాలు తాగే పిల్ల గుర్రానికి ఏ కీలు వాచినా ఈ వరసలోకే వస్తుంది. బొడ్డు ద్వారా వెళ్ళిన క్రిములు కీళ్ళలో చేరతాయి, రేపు చూద్దాం అంటే పిల్ల దక్కదు.

పాము అనుమానం ఉన్నా ఇంతే. మన వైపు రక్తపింజర, చిన్నపింజర కాటుకు ఆ చోటు వేగంగా వాచి, నెత్తురు గడ్డకట్టకుండా చెమ్మగిల్లుతూ ఉంటుంది. తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. విరుగుడు సూదిమందును మన దేశంలో తయారుచేసేదే గుర్రాల రక్తం నుంచి. గుర్రానికీ అదే మందు, ఎంత త్వరగా పడితే అంత మంచిది.

సాయంత్రం లోపు చూపించాల్సినవి: ఒకే కాలు వేడిగా, నొప్పిగా వాచి గుర్రం నడవగలిగితే, జ్వరం 102 పైన ఉంటే, టెండన్ మీద వాపు ఉంటే, ధనుర్వాతం టీకా వేయించిన గుర్తు లేని గుర్రానికి ఏ గాయమైనా అయితే. ధనుర్వాతం విషయంలో గుర్రమంత సున్నితమైన పశువు లేదు, చిన్న ముల్లు పోటు చాలు.

రేపటిదాకా ఆగదగినది ఒక్కటే: రెండు వెనక కాళ్ళూ చల్లగా వాచి, జ్వరం, కుంటు లేకుండా, మేత తింటూ, నడిపిస్తే తగ్గేది. అది కూడా రెండు రోజులు నడిపించినా పూర్తిగా దిగకపోతే చూపించండి. ఇందులో ఏ వరసలోకి వస్తుందో తేల్చుకోలేకపోతే ఫోన్ చేయడానికి మొహమాటపడొద్దు, ఫోన్‌కు ఖర్చు లేదు.

ఫోన్‌లో ఏం చెప్పాలి

సంచార పశువైద్య వాహనం కోసం 1962కు కాల్ చేయవచ్చు. మండల పశువైద్యశాల డాక్టరు నంబరు ముందే ఫోన్‌లో పెట్టుకోండి, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని అడిగితే ఇస్తారు. పెద్ద కేసులకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల, తిరుపతి పశువైద్య కళాశాల ఉన్నాయి. వాళ్ళ దగ్గరికి బయలుదేరే ముందు మీ డాక్టరుతో మాట్లాడించడం మేలు.

"సార్, కాలు వాచింది, తొందరగా రండి" అంటే ఆయనకు ఏమీ తెలియదు. ఇలా చెప్పండి: "నమస్తే సార్, ఎనిమిదేళ్ళ మగ గుర్రం. కుడి వెనక కాలు పొద్దున్నే గిట్ట నుంచి మడమ పైదాకా వాచింది. వేడిగా ఉంది, ముట్టుకోనివ్వడం లేదు. కాలు కొనమీద ఆనిస్తోంది. ఏడింటికి జ్వరం 103.2 ఉంది. గిట్ట వెనక చిన్న గాయం ఉంది సార్, మందులేమీ వేయలేదు. టీటీ వేయించి రెండేళ్ళు దాటింది. ఫోటోలు వాట్సాప్‌లో పెడతాను." ఇంత చెబితే ఏ మందులు తేవాలో ఆయన బయలుదేరే ముందే తేల్చుకుంటారు.

బరువు కూడా అడుగుతారు, మోతాదు దాన్ని బట్టే. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు చివరిదాకా పొడవు, రెండూ టైలరు టేపుతో సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 150, పొడవు 130 అయితే దాదాపు 246 కిలోలు.

మన ఊళ్ళలో డాక్టర్లు రోజూ చూసేది బర్రెలు, ఆవులు, గొర్రెలు. గుర్రం ఎప్పుడో గానీ రాదు. ఇది వాళ్ళ తప్పు కాదు, "సార్, ఈ మందు గుర్రానికి పడుతుందా?" అని మర్యాదగా అడగడంలో మన తప్పూ లేదు. గొడ్లకు వాడే టిల్మైకోసిన్ ఇంజెక్షన్ గుర్రం గుండెను ఆపేయగలదు. లింకోమైసిన్ కడుపులోకి పోతే ప్రాణాంతకమైన విరేచనాలు పట్టుకుంటాయి. స్టెరాయిడ్ ఇస్తానంటే లామినైటిస్ భయం లేదా అని అడగండి. ఆర్ఎంపీ తరహా వైద్యం చేసేవాళ్ళతో మాత్రం ఇంజెక్షన్ వేయించొద్దు.

డాక్టరు వచ్చేలోపు

వేడి ఉన్న ఏ వాపుకైనా, గాయం లోతుగా లేకపోతే, మొదటి రెండు రోజులు చన్నీళ్ళే మంచి మందు. పైపుతో ఒక్కో విడత 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. ముందు గిట్ట మీద పోసి, మెల్లగా పైకి రండి, అప్పుడు బెదరదు. నీటి ఎద్దడి ఉన్నచోట పైపు కుదరదు కదా, ఒక బకెట్ నీళ్ళలో గోనె పట్టా తడిపి కాలికి చుట్టి, అయిదు నిమిషాలకోసారి మళ్ళీ తడపండి. ఐస్ అయితే గుడ్డలో చుట్టి పెట్టాలి, నేరుగా చర్మానికి తగలకూడదు. చెరువులో నిలబెట్టొద్దు, బర్రెలు పొర్లాడే నీళ్ళు గాయానికి విషం. చివర్లో గిట్ట వెనక గుంటను పొడి గుడ్డతో తుడవండి, తడి నిలిస్తే అక్కడే పగుళ్ళు వచ్చి మళ్ళీ క్రిములకు దారి అవుతుంది.

గాయం ఉంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చిన్న చెంచాన్నర ఉప్పు కలిపి ధారగా కడగండి. పోవిడోన్ అయోడిన్‌ను పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి వాడొచ్చు. పొడులు, ఇంజను ఆయిలు, కాఫీ పొడి వద్దు.

కట్టు కట్టడం వచ్చినవాళ్ళే కట్టాలి. పలచటి క్రేప్ బ్యాండేజీ ఒక్కటే బిగిస్తే రక్తం ఆగిపోతుంది, టెండన్ నలుగుతుంది. కింద వేలి మందం దూది సమంగా చుట్టి, పైన పట్టీని సగం సగం కప్పుకుంటూ తిప్పి, అంచులో వేలు దూరేంత వదులు ఉంచాలి. రోజుకు ఒకసారైనా విప్పి చూడాలి. పాము కాటుకు కట్టు వద్దు.

వాపు ఎక్కడిదాకా ఉందో పైఅంచున స్కెచ్ పెన్నుతో గీత గీసి టైము రాయండి. రెండు గంటల తర్వాత వాపు గీత దాటిందా లేదా చూస్తే, డాక్టరు మళ్ళీ ఫోన్ చేసినప్పుడు ఊహ కాకుండా నిజం చెప్పగలరు. ఉలవల గుగ్గిళ్ళు, దాణా ఆపేయండి. గడ్డి, నీళ్ళు చాలు. శనక్కాయ కట్టె బూజు పట్టి ఉంటే అది కూడా వద్దు.

తీసుకెళ్ళాల్సి వస్తే చిన్న ట్రాలీ ఆటోలు పనికిరావు, బొలెరో లాంటి పికప్ కావాలి. ఇసుక పరిచి, మిట్ట పక్కన బండి ఆపి ఎక్కించండి, కుంటి కాలితో గెంతించొద్దు. ముందు కాలికి దెబ్బైతే గుర్రం తల బండి వెనకవైపు ఉండాలి, వెనక కాలికైతే డ్రైవరు వైపు. బ్రేకు వేసినప్పుడు బరువు మంచి కాళ్ళ మీద పడుతుంది.

తర్వాతి వారాలు

వాపు తగ్గగానే మందులు ఆపేయడం మామూలు. సెల్యులైటిస్‌కు అదే చేటు, వారం తిరక్కముందే మళ్ళీ వస్తుంది, రెండోసారి మరింత మొండిగా. డాక్టరు చెప్పిన రోజులన్నీ వేయాలి. నడక ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆయన్నే అడగండి. సెల్యులైటిస్‌కు నొప్పి తగ్గాక నడక మంచిది, టెండన్‌కు తొందర పడితే నష్టం.

జబ్బు కాలిని చూస్తూ మంచి కాలిని మర్చిపోతాం. రోజుల తరబడి ఒంటి కాలి మీద బరువు మోస్తే ఆ గిట్టలో లామినైటిస్ రావచ్చు. రోజూ పొద్దున సాయంత్రం ఎదురు గిట్ట వేడి, నాడి చూడండి. కింద ఇసుకో, మందంగా వరిగడ్డో పరచండి. కడప బండలు పరిచిన షెడ్లు కడగడానికి హాయే, గుర్రం కాళ్ళకు మాత్రం కావు. గట్టి రాయి మీద రోజంతా నిలబడాలి, తడిస్తే జారుతుంది కూడా.

ముహూర్తం అడ్వాన్సు తీసుకున్నాం, ఒక్క బరాత్ నడిపిద్దాం అన్న ఒత్తిడి ప్రతి ఇంట్లో వస్తుంది. టెండన్ దెబ్బకు ఆ ఒక్క బరాత్ ఖరీదు ఏడాది పని. అడ్వాన్సు తిరిగిచ్చేయండి, లేదంటే తెలిసినవాళ్ళ గుర్రాన్ని పంపండి. మళ్ళీ పనిలో పెట్టేటప్పుడు మట్టి నేల మీద పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, మరుసటి రోజు పొద్దున కాలు తడిమి చూసి, వేడి లేకపోతేనే అయిదు నిమిషాలు పెంచండి. వేడి తగిలితే రెండు రోజులు ఆపి, ముందు నడిపినంతకే నడపండి.